పసరు మందు, పరీక్షనాళిక: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఔషధ మొక్కల గురించే ఉన్నాయి. పెద్దలు వాడిన మొక్కల సారాలను ప్రయోగశాలలో ఎలా పరీక్షిస్తారు, ఆ ఫలితాలను ఎంతవరకు నమ్మవచ్చు అని చాలామంది అడిగారు. అందుచేత ఈసారి శీర్షికను పూర్తిగా ఈ విషయానికే కేటాయించాము. ఉత్తరాలను కుదించి ఇస్తున్నాము. ఆరోగ్య సంగతులు కనుక పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: మా ఊళ్ళో ఒక కుటుంబం మూడు తరాలుగా కామెర్లకు పసరు మందు ఇస్తున్నది. నేల ఉసిరిని వేళ్ళతో సహా నూరి, మజ్జిగలో కలిపి పరగడుపున తాగిస్తారు. ఉప్పు, కారం, నూనె మానేసి పత్యం ఉండమంటారు. తాగినవారిలో నూటికి తొంభైమందికి తగ్గడం నేను కళ్ళారా చూశాను. డాక్టర్లు మాత్రం దీన్ని ఒప్పుకోరు. ఈ మొక్కను ఎవరైనా శాస్త్రీయంగా పరీక్షించారా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, పల్నాడు జిల్లా

జవాబు: పరీక్షించారు, అదీ చాలా శ్రద్ధగా పరీక్షించారు. ఒక పసరు మందు ప్రయోగశాలలో ఏయే మెట్లు ఎక్కాలో, ఏ మెట్టు దగ్గర కాలు జారవచ్చో నేల ఉసిరి కథలో మొత్తం కనిపిస్తుంది కనుక కొంత వివరంగా చెబుతాను.

హెపటైటిస్ బి వైరస్‌ను గుర్తించిన శాస్త్రవేత్త బరూచ్ బ్లూమ్‌బర్గ్. ఆయనకు 1976లో నోబెల్ బహుమతి వచ్చింది. ఫిలడెల్ఫియాలో ఆయన, వెంకటేశ్వరన్ తదితరులు కలిసి నేల ఉసిరిని పరిశీలనకు తీసుకున్నారు. 1987లో వారు ప్రచురించిన వ్యాసం ప్రకారం, నీటితో తీసిన ఈ మొక్క సారం పరీక్షనాళికలో రెండు పనులు చేసింది. వైరస్ తన సంతతిని పెంచుకోవడానికి వాడుకునే డీఎన్ఏ పాలిమరేజ్ అనే ఎంజైమును అణచింది, వైరస్ పైపొరలోని ప్రోటీనుకు అంటుకుంది. ఆ తరువాత వారు ఉడ్‌చక్ అనే ఉత్తర అమెరికా జంతువు మీద ప్రయోగం చేశారు. హెపటైటిస్ బి వైరస్‌కు దగ్గరి బంధువైన వైరస్ ఒకటి ఆ జంతువుకు సహజంగానే సోకుతుంది. కొత్తగా వైరస్ సోకిన నాలుగు జంతువులకు సారాన్ని పొట్టలోకి సూదితో ఎక్కిస్తే, మూడింటి రక్తంలో వైరస్ ఆనవాళ్ళు కొన్ని వారాలలో మాయమయ్యాయి.

మరుసటి సంవత్సరం మద్రాసులో ఎస్.పి. త్యాగరాజన్ బృందం మనుషుల మీద పరీక్ష జరిపింది. వైరస్ ఒంట్లో ఉండిపోయినవారికి నేల ఉసిరి పొడిని 200 మిల్లీగ్రాముల గుళికలుగా రోజుకు మూడుసార్లు, 30 రోజుల పాటు ఇచ్చారు. పోలిక కోసం మరికొందరికి మందు లేని గుళికలు ఇచ్చారు. మందు తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ పైపొర ప్రోటీను కనిపించకుండా పోయింది. మందు లేని గుళికలు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. 1988లో లాన్సెట్ పత్రికలో ఈ ఫలితం వెలువడినప్పుడు వైద్య ప్రపంచం నిజంగానే ఉలిక్కిపడింది. పొలం గట్ల మీద, ఇంటి వెనక తేమ నేలలో దానంతటది మొలిచే మొక్క అంత పని చేయగలదంటే ఎవరికైనా ఆశ పుడుతుంది.

అయితే ఒక ఫలితాన్ని మరొకచోట, మరొకరు మళ్ళీ రాబట్టగలిగినప్పుడే దానిని నమ్మాలి. థాయ్‌లాండ్‌లో ఇదే మొక్కతో ఇటువంటి పరీక్షే జరిపారు. 1990లో అదే లాన్సెట్‌లో వచ్చిన వారి వ్యాసం ఈ మందు వైరస్‌ను తొలగించలేకపోయిందని చెప్పింది. తరువాతి సంవత్సరాలలో ఇతర దేశాలలో జరిగిన పరీక్షలు కూడా మద్రాసు ఫలితాన్ని నిలబెట్టలేదు. వైద్య పరీక్షలన్నిటినీ కలిపి తూచి చూసే కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ 2011లో వెలువరించిన సమీక్ష, ఉత్తుత్తి మందు కన్నా ఈ మొక్క మేలని చెప్పడానికి నమ్మదగిన ఆధారం లేదని తేల్చింది.

ఇలా జరగడానికి కారణాలు వెతికినప్పుడు మొట్టమొదట మొక్క గుర్తింపు సమస్య ఎదురవుతుంది. 1987 వ్యాసంలో దీనిని ఫిలాంథస్ నిరూరి అని రాశారు. నిజానికి ఆ జాతి అమెరికా ఖండాలది. మన దగ్గర నేల ఉసిరి పేరుతో సాధారణంగా దొరికేది ఫిలాంథస్ అమారస్. దాని పక్కనే ఫ్రాటర్నస్, డెబిలిస్, మదరాస్‌పటెన్సిస్ వంటి దాయాదులు పెరుగుతాయి. ఆకు కింద వరుసగా కాయలు వేలాడే తీరు చూసి కొన్నిటిని పల్లెలలో ఒకే పేరుతో పిలుస్తారు. దక్షిణాదిలోని మూలికల అంగళ్ళ నుంచి తెచ్చిన నమూనాలను డీఎన్ఏ గుర్తులతో పరిశీలించిన ఒక అధ్యయనంలో దాదాపు నాలుగో వంతు వాటిలో అమారస్‌కు బదులు ఇతర జాతులు బయటపడ్డాయి. ఈ జాతుల రసాయనాలు ఒకటి కావు. ఫిలాంథిన్ అనే పదార్థం అమారస్‌లో చెప్పుకోదగినంత ఉంటుంది, మరికొన్ని జాతులలో నామమాత్రమే. కాబట్టి ఒక ఊరి పరీక్షలో వాడినదీ మరొక దేశంలో వాడినదీ ఒకే మందు అని ముందుగా నిరూపించకపోతే, రెండు ఫలితాలను పక్కపక్కన పెట్టి వాదించడంలో అర్థం ఉండదు.

మరొక కారణం పరీక్షనాళికలోనే ఉండి ఉండవచ్చు. ఈ మొక్కలో టానిన్లు పుష్కలంగా ఉంటాయి. తంగేడు చెక్కతో తోళ్ళు పదును పెట్టడం సాధ్యమయ్యేది ఈ టానిన్ల వల్లనే. ప్రోటీను ఎక్కడ దొరికినా దానిని పట్టి బిగించడం వాటి స్వభావం. వైరస్ ఎంజైము కూడా ప్రోటీనే కనుక గాజు గొట్టంలో దానినీ బిగించేస్తాయి. నోటి ద్వారా తీసుకున్నప్పుడు ఆ టానిన్లలో అధిక భాగం పేగులోని ఆహారపు ప్రోటీన్లనే పట్టుకొని అక్కడే ఆగిపోతుంది, కాలేయం దాకా చేరదు. జాగ్రత్త గల ప్రయోగశాలలు సారంలోంచి ముందు టానిన్లను తొలగించి, మిగిలిన భాగానికి ఆ గుణం ఉందా లేదా అని మళ్ళీ చూసేది ఇందుకే.

ఇక మీరు కళ్ళారా చూసిన తొంభైమంది మాట. మీ మాటను నేను శంకించడం లేదు. పల్లెలలో కామెర్లకు ఎక్కువగా కారణమయ్యేవి కలుషిత నీటి వల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌లు. ఆరోగ్యవంతులలో ఈ జబ్బు చాలావరకు కొన్ని వారాలలో తనంతట తానే తగ్గుతుంది. పసరు తాగినా తగ్గుతుంది, తాగకపోయినా తగ్గుతుంది. తాగినవారు ఎందరు కోలుకున్నారో లెక్కపెట్టినంత మాత్రాన మందు బలం తెలియదు, తాగనివారిలో ఎందరు కోలుకున్నారన్న లెక్క పక్కన ఉండాలి. మద్రాసు పరిశోధకులు ఆ 23 మందికి మందు లేని గుళికలు ఇచ్చింది ఆ లెక్క కోసమే.

మీ ఊరి కుటుంబం మోసం చేస్తోందని నేను అనడం లేదు, అలా అనేవారితో ఏకీభవించను కూడా. నా ఆందోళన వేరే ఉంది. పిత్తనాళంలో రాయి అడ్డుపడినా, కంతి ఏర్పడినా కామెర్లే వస్తాయి. అక్కడ పసరుతో గడిపే ప్రతి వారమూ నష్టమే. గర్భిణికి చివరి నెలల్లో హెపటైటిస్ ఇ సోకితే ప్రాణాపాయం. కామెర్లతో పాటు మగత, మాట తడబాటు, ఆగని వాంతులు, రక్తస్రావం, తెల్లని మలం కనిపిస్తే ఒక్క పూట కూడా ఆగకూడదు. హెపటైటిస్ బి అయితే దానిని అదుపులో ఉంచే టెనోఫోవిర్ వంటి మందులు ఉన్నాయి, రాకుండా చేసే టీకా ఉంది. మందు ఇచ్చే ముందు రక్తపరీక్ష చేయించుకొని రమ్మని చెప్పేలా ఆ కుటుంబాన్ని ఒప్పించండి. ఉపాధ్యాయులుగా మీ మాటకు విలువ ఉంటుంది. పత్యం పేరుతో రోగి కడుపు మాడ్చవద్దని కూడా చెప్పండి, కోలుకుంటున్న కాలేయానికి తిండి కావాలి.

ప్రశ్న: మా ప్రాజెక్టులో ఒక ఔషధ మొక్క ఆకుల మిథనాల్ సారాన్ని అగర్ (బాక్టీరియాను పెంచే జెల్లీ) ప్లేటు మీద పరీక్షిస్తే బాక్టీరియా పెరగని వలయం 18 మిల్లీమీటర్లు వచ్చింది. డీపీపీహెచ్ పరీక్షలో యాంటీఆక్సిడెంట్ గుణం కూడా బాగా కనిపించింది. ఈ మొక్క అంటువ్యాధులకు మందుగా పనికివస్తుందని ముగింపులో రాయవచ్చా?
— ఎమ్మెస్సీ విద్యార్థిని, తిరుపతి

జవాబు: ఇప్పుడే రాయవద్దమ్మా. చేసిన పనిని వదిలేయనూ వద్దు, దానిని ముందుకు తీసుకెళ్ళే దారి ఉంది.

వలయం వెడల్పు సారం బలాన్ని ఒక్కదానినే చెప్పదు. సారంలోని పదార్థం అగర్‌లో ఎంత సులువుగా పాకుతుందన్నది కూడా దానిలో కలిసి ఉంటుంది. నీటిలో సరిగా కరగని మంచి పదార్థం చిన్న వలయం ఇవ్వవచ్చు, బాగా పాకే నాసి పదార్థం పెద్ద వలయం ఇవ్వవచ్చు. సారం పోసి ప్లేటు మీద పెట్టే చిన్న కాగితపు డిస్కులో మిథనాల్ పూర్తిగా ఆవిరి కాకుండా మిగిలి ఉంటే అదే బాక్టీరియాను చంపుతుంది. అందుకే సారం లేకుండా ద్రావకం ఒక్కటే పోసిన డిస్కు, తెలిసిన యాంటీబయాటిక్ పోసిన డిస్కు తప్పనిసరిగా పక్కన ఉండాలి. ఈ రెండూ లేని ప్లేటును నేను ఫలితంగా లెక్కించను.

ఆ తరువాత చేయవలసింది ఎంఐసీ పరీక్ష. సారాన్ని సగం, సగంలో సగం చొప్పున పలచబరుస్తూ, బాక్టీరియా పెరుగుదలను ఆపగల అతి తక్కువ మోతాదు ఎంతో కనుక్కోవాలి. మొక్కల ముడి సారాల విషయంలో మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాములు, అంతకు తక్కువ మోతాదులో పనిచేస్తే ఆసక్తికరమని ఈ రంగంలో సాధారణంగా భావిస్తారు. 1 మిల్లీగ్రాము దాటితే తప్ప పనిచేయని సారానికి పెద్దగా భవిష్యత్తు లేదు. అంత మోతాదును మనిషి రక్తంలోకి చేర్చడం కుదరదు కనుక అలా అంటారు. పుండు మీద పూసే లేపనం సంగతి వేరు. అక్కడ అధిక మోతాదు నేరుగా చోటికి చేరుతుంది. మీ మొక్కను మన పెద్దలు పైపూతగా వాడేవారా, లోపలికి ఇచ్చేవారా అన్నది ముందు విచారించండి, పరీక్షను దానికి తగ్గట్టు మలచుకోండి.

డీపీపీహెచ్ గురించి నిష్కర్షగా చెప్పాలి. ఊదారంగు ద్రావణం పసుపురంగుకు మారడాన్ని 517 నానోమీటర్ల వద్ద కొలిచే ఈ పరీక్ష చవకైనది, త్వరగా అయిపోతుంది. అందుకే మన కళాశాలల్లో ఇంతగా వ్యాపించింది. కాని పాలీఫినాల్స్ ఉన్న ఏ ఆకైనా ఆ రంగు మారుస్తుంది, మనం తాగే టీ కూడా మారుస్తుంది. డీపీపీహెచ్ అనే అణువు మన శరీరంలో ఎక్కడా లేదు. ఒక సారాన్ని మరొక సారంతో పోల్చడానికి, ఒకే మొక్క ఆకులను రుతువుల వారీగా పోల్చడానికి ఇది ఉపయోగపడుతుంది. రోగం తగ్గుతుందని చెప్పడానికి ఉపయోగపడదు.

గాజుపాత్రలో బాగా పనిచేసినది ఒంట్లోకి చేరుతుందా అన్న ప్రశ్న ఎప్పుడూ మిగిలే ఉంటుంది. పసుపులోని కర్క్యుమిన్ ఇందుకు ఉదాహరణ. ప్రయోగశాలలో అది చేయని పని లేదు. 1998లో బెంగళూరులోని సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు ఆరోగ్యవంతులకు 2 గ్రాముల కర్క్యుమిన్ ఇచ్చి చూస్తే రక్తంలో దాని జాడ దాదాపు కనిపించలేదు. మిరియాలలోని పైపరిన్ 20 మిల్లీగ్రాములు కలిపి ఇచ్చినప్పుడు ఆ మోతాదు అనేక రెట్లు పెరిగింది. అయినా చాలా తక్కువ స్థాయిలోనే ఉంది.

మీ ముగింపులో ఇలా రాయండి: ఈ మొక్క ఆకుల మిథనాల్ సారం ఫలానా బాక్టీరియా పెరుగుదలను ఫలానా మోతాదులో ప్రయోగశాలలో నిరోధించింది, ఏ పదార్థం వల్ల అన్నది వేరుచేసి చూడవలసి ఉంది. మొక్క కొమ్మను ఎండబెట్టి, హెర్బేరియం (ఎండిన మొక్కల నమూనాలను భద్రపరిచే చోటు) షీటు మీద అతికించి, నంబరు వేయించి, ఆ నంబరు వ్యాసంలో ఇవ్వడం మరచిపోకండి. ఆ నంబరు లేకపోతే రేపు మీ పనిని ఎవరూ సరిచూడలేరు.

ప్రశ్న: మన వైద్యంలో కషాయం కాచి తాగమంటారు. ప్రయోగశాలలో మాత్రం మిథనాల్, ఈథర్, హెక్సేన్ అంటారు. మనం తాగేది ఒకటి, వాళ్ళు పరీక్షించేది మరొకటి కదా? అలాంటప్పుడు ఆ పరీక్ష మన మందుకు ఎలా వర్తిస్తుంది?
— గృహిణి, కరీంనగర్

జవాబు: ఇది చాలా మంచి ప్రశ్న, పరిశోధకులు కూడా తరచు దాటవేసే ప్రశ్న. మీ అనుమానం సమంజసమే. ఏ ద్రావకంతో తీశామన్నదాన్ని బట్టి సారం మారిపోతుంది. హెక్సేన్ నూనెలనూ మైనాలనూ లాగుతుంది, మిథనాల్ ఆల్కలాయిడ్లు, ఫినాల్స్ వంటి ఎన్నిటినో లాగుతుంది, నీరు చక్కెరలు, టానిన్లు, లవణాలను లాగుతుంది. మిథనాల్ సారం పనిచేసింది కనుక కషాయం కూడా పనిచేస్తుందని ప్రకటించడం తప్పు.

మన శాస్త్రకారులకు ఈ తేడా బాగా తెలుసు. స్వరసం, కల్కం, క్వాథం, హిమం, ఫాంటం అని ఐదు విధాల కషాయ కల్పనలను వారు విడివిడిగా చెప్పారు. పచ్చి మొక్కను దంచి పిండితే స్వరసం, ముద్దగా నూరితే కల్కం. క్వాథానికి పదహారు రెట్లు నీరు పోసి ఎనిమిదో వంతు మిగిలేదాకా కాచమని శార్ఙ్గధర సంహిత చెబుతుంది. చల్లని నీటిలో రాత్రంతా నానబెట్టి వడకడితే హిమం, మరిగే నీరు పోసి కొద్దిసేపు ఉంచి వడకడితే ఫాంటం. ఏ మూలికకు ఏ కల్పన అన్నది పరీక్షకులు ముందుగా చదవాలి, ముందుగా ఆ రూపంలోనే పరీక్షించాలి.

ఈ ఒక్క జాగ్రత్త ఎంత దూరం తీసుకెళ్ళగలదో చైనాలో తేలింది. మలేరియాకు మందు కోసం 1967లో ఆ ప్రభుత్వం రహస్యంగా మొదలుపెట్టిన 523 ప్రాజెక్టులో తు యూయూ అనే శాస్త్రవేత్త ఒక బృందానికి నాయకత్వం వహించారు. చింగ్‌హావ్ అనే మొక్క సారం ఒకసారి బాగా పనిచేసేది, మరొకసారి చప్పబడేది. ఎలుకలలో మలేరియా క్రిమిని మొదట 68 శాతం అణచిన సారం, తరువాతి ప్రయత్నాలలో 12 నుంచి 40 శాతానికి పడిపోయింది. ఆమె పాత గ్రంథాలను మళ్ళీ తిరగేశారు. నాలుగో శతాబ్దపు వైద్యుడు గె హోంగ్, ఆ ఆకును నీటిలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగమని రాశారు. అందులో కాచమన్న మాట లేదు. వేడికి గుణం పోతున్నదేమోనని ఆమెకు తోచింది. తక్కువ వేడిలోనే మరిగిపోయే ఈథర్‌తో సారం తీసి, అందులోని ఆమ్ల భాగాన్ని వదిలేసి, తటస్థ భాగాన్ని పరీక్షించారు. 1971 అక్టోబరు 4న 191వ నంబరు నమూనా ఎలుకలలో మలేరియాను నూటికి నూరు శాతం అణచింది. అందులోంచి వచ్చిందే ఆర్టెమిసినిన్ అనే మలేరియా మందు, 2015లో తు యూయూకు నోబెల్ బహుమతి వచ్చింది దానికే.

చూశారా, అక్కడ వాడినది ఈథరే, కాని దారి చూపినది పాత గ్రంథంలోని ఒక పంక్తి. గ్రంథాన్ని పక్కన పెట్టేసినా ఆ మందు దొరికేది కాదు, పరీక్ష లేకుండా గ్రంథాన్నే నమ్ముకున్నా దొరికేది కాదు. చింగ్‌హావ్ పేరుతో పిలిచే పలు మొక్కలలో ఆర్టెమిసియా అన్నువా అనే ఒక్క జాతిలోనే ఆ గుణం సరిపడినంత ఉందని తేల్చింది కూడా పరీక్షే.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో కొన్న మూలికా చూర్ణం డబ్బా మీద ‘ల్యాబ్ టెస్టెడ్’ అని ఉంది. అంటే రోగం తగ్గిస్తుందని పరీక్షించినట్టేనా?
— పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: కాదు. సాధారణంగా ఆ మాటకు అర్థం సరుకు నాణ్యతను పరీక్షించారని మాత్రమే. తేమ, బూడిద శాతం, బూజు, సూక్ష్మజీవులు, పురుగుమందుల అవశేషాలు, భారలోహాలు ఇందులో చూస్తారు. భారలోహాలకు మన దేశంలో పాటించే పరిమితులు పది లక్షల వంతులలో ఇలా ఉన్నాయి: సీసం 10, ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3. ఈ పరీక్షలు అవసరమే. మీరు కొన్న బ్యాచ్ నంబరుకు చెందిన నివేదిక చూపమని అమ్మకందారుని అడిగే హక్కు మీకు ఉంది. రోగం తగ్గుతుందా అన్నది మరో రకమైన పరీక్షతో తేలవలసిన విషయం.

ప్రశ్న: కొలెస్ట్రాల్‌కు గుగ్గులు వాడుతున్నాను. దీని మీద పెద్ద పరిశోధన జరిగిందని, ప్రభుత్వ ఆమోదం కూడా ఉందని విన్నాను. నిజమేనా?
— పాఠకుడు, హైదరాబాద్

జవాబు: నిజమే, కాని మీరు విన్నది కథలో సగమే. 1960లలో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో జి.వి. సత్యవతి, సుశ్రుత సంహితలో మేదోరోగం (ఒంట్లో కొవ్వు పేరుకునే జబ్బు) గురించి ఉన్న వర్ణనను ఆధారం చేసుకొని, కుందేళ్ళలో గుగ్గులు కొవ్వును తగ్గిస్తుందని చూపారు. ప్రాచీన గ్రంథంలోని రోగవర్ణనను ప్రయోగశాలలో పరీక్షించదగిన ప్రశ్నగా మార్చడంలో ఆమె చూపిన తెలివిని నేను ఇప్పటికీ విద్యార్థులకు ఉదహరిస్తాను. లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థ ఆ పనిని ముందుకు తీసుకెళ్ళింది, గుగ్గులిపిడ్ అనే శుద్ధి చేసిన సారానికి 1987లో మన దేశంలో అనుమతి లభించింది. 2002లో అది కణంలో ఏ గ్రాహకం (రసాయన సంకేతాలను అందుకునే ప్రోటీను) మీద పనిచేస్తుందో కూడా అమెరికా శాస్త్రవేత్తలు వివరించారు.

ఆ మరుసటి సంవత్సరమే, 2003లో, అమెరికాలో 103 మంది మీద ఎనిమిది వారాలు జరిపిన పరీక్షలో చెడు కొలెస్ట్రాల్ తగ్గకపోగా 4, 5 శాతం పెరిగింది. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 5 శాతం తగ్గింది. గుగ్గులిపిడ్ తీసుకున్నవారిలో కొందరికి ఒంటి మీద దద్దుర్లు వచ్చాయి. మన దేశంలోనూ అక్కడా తిండి తీరు వేరు కనుక ఫలితం మారి ఉండవచ్చునని కొందరు వాదించారు, ఆ వాదనను కొట్టిపారేయలేము. అయినా పనిచేసే తీరు తెలిసినంత మాత్రాన మందు పనిచేస్తుందని అనుకోకూడదన్నది ఇక్కడ స్పష్టమైంది. మీరు గుగ్గులు మొదలుపెట్టక ముందూ తరువాతా చేయించుకున్న రక్తపరీక్షల కాగితాలు రెండూ మీ డాక్టరుకు చూపండి. గుండెజబ్బు లేదా మధుమేహం ఉంటే దీనిని నమ్ముకొని కొలెస్ట్రాల్‌కు డాక్టరు ఇచ్చిన స్టాటిన్ మాత్ర మానవద్దు. గుగ్గులు చెట్టు ఇప్పుడు అంతరించిపోయే స్థితిలో ఉందన్న సంగతి కూడా గుర్తుంచుకోండి, జిగురు కోసం గాట్లు పెట్టి దానిని చంపుకుంటున్నాము.

ప్రశ్న: కరోనా కాలం నుంచి రోజూ తిప్పతీగ కషాయం తాగుతున్నాను. దానివల్ల కాలేయం చెడుతుందని కొందరు, అబద్ధమని కొందరు అంటున్నారు. ఎలుకల మీద పరీక్షలలో సురక్షితమని తేలిందట కదా?
— పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, రెండు పక్షాలు చెప్పేదీ విందాము. 2021లో ముంబయి వైద్యులు, తిప్పతీగ వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్నట్టు నివేదించారు. 2022లో మన దేశంలోని 13 వైద్యకేంద్రాలు కలిసి ఇటువంటి 43 మంది వివరాలను ప్రచురించాయి. కారణం అసలు తిప్పతీగ కాదని, దానిని పోలిన టినోస్పోరా క్రిస్పా అనే జాతి కలిసి ఉండవచ్చునని ఆయుష్ మంత్రిత్వ శాఖ వివరణ ఇచ్చింది. ఆ రెండింటినీ తికమకపడడం జరగనిది కాదు.

ఎలుకల పరీక్షలలో బయటపడేవి మోతాదుతో పాటు పెరిగే విషగుణాలు. ఆరోగ్యంగా ఉన్న కొద్ది ఎలుకలకు కిలో బరువుకు 2000 మిల్లీగ్రాముల దాకా ఇచ్చి, అవి బతికితే, ఒక్కసారి మింగితే ప్రమాదం లేదని రాస్తారు. తిప్పతీగ విషయంలో వైద్యులు చూసినది అటువంటిది కాదు. రోగనిరోధక శక్తి తన కాలేయం మీదే తిరగబడే లక్షణాలు చాలామందిలో కనిపించాయి. వేలమందిలో ఏ ఒక్కరిలోనో ఉండే అటువంటి తత్త్వాన్ని ఎలుకల పంజరంలో ఎన్నటికీ కనిపెట్టలేము. రోగనిరోధక శక్తిని ప్రేరేపిస్తుందని మనం దేనిని మెచ్చుకుంటామో, రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే తిరగబడడం వల్ల వచ్చే కొన్ని రకాల థైరాయిడ్, కీళ్ళవాతం జబ్బులు ఉన్నవారికి అదే ముప్పు తెచ్చే అవకాశం ఉంది.

మీకు అటువంటి జబ్బు గాని, కాలేయ సమస్య గాని ఉంటే మానేయండి. లేకపోయినా, ఏ జబ్బూ లేకుండా సంవత్సరాల తరబడి రోజూ తాగమని నేను సలహా ఇవ్వను. ఒకసారి కాలేయ పరీక్ష చేయించుకోండి. కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగుకు మారినా వెంటనే ఆపి, ఏమి తాగుతున్నారో డాక్టరుకు దాచకుండా చెప్పండి.

ప్రశ్న: మేము మన్యంలో ఉంటాము. మా నాన్న మూలికా వైద్యుడు. ఒక కళాశాల నుంచి పరిశోధకులు వచ్చి మొక్కలు చూపమంటున్నారు. చూపితే మా విద్య పోతుందేమోనని ఆయన భయం. చూపాలా, వద్దా?
— పాఠకుడు, అల్లూరి సీతారామరాజు జిల్లా

జవాబు: మీ నాన్నగారి భయం న్యాయమైనదే. దేశమంతటా ఎందరో మన్యం వైద్యులు చెప్పిన మొక్కలతో వ్యాసాలు వెలువడ్డాయి, చాలా వాటిలో చెప్పినవారి పేరు చివరి వరుసలో కృతజ్ఞతగా కూడా లేదు. అలాగని చూపవద్దని చెప్పలేను. చూపని విద్య మనిషితో పాటే పోతుంది.

కేరళలో ఒక మంచి ఉదాహరణ ఉంది. 1987లో అగస్త్యమలై కొండలలో తిరుగుతున్న శాస్త్రవేత్తలకు, వెంట వచ్చిన కాణి తెగ యువకులు అలసట రాకుండా తింటున్న ఒక కాయ కనిపించింది. ఆ మొక్క పేరు ఆరోగ్యపచ్చ. తిరువనంతపురం దగ్గరి ఉష్ణమండల వృక్షోద్యానం దానిని పరీక్షించి, జీవని అనే మందు తయారుచేసింది. 1995లో దానిని కోయంబత్తూరులోని ఆర్య వైద్య ఫార్మసీకి 10 లక్షల రూపాయల రుసుముకు, అమ్మకాలపై 2 శాతం రాయల్టీకి ఇచ్చి, వచ్చిన దానిలో సగం కాణి ప్రజలకు కేటాయించింది. ఆ సొమ్ము అందుకోవడానికి 1997లో ఒక ట్రస్టు ఏర్పడింది. తరువాత అడవి నుంచి ఆకు సేకరణపై అటవీశాఖతో చిక్కులు వచ్చాయి, అనుకున్నంత ఆదాయమూ రాలేదు. అయినా చెప్పినవారికి వాటా ఇవ్వాలన్న సూత్రం ఆచరణలోకి వచ్చింది.

ఇప్పుడు 2002 నాటి జీవవైవిధ్య చట్టం ఉంది. 2023 సవరణలో, గ్రంథస్థమైన సంప్రదాయ జ్ఞానాన్ని వాడుకునేవారికి వాటా చెల్లింపు నుంచి మినహాయింపు ఇచ్చారు. మీ నాన్నగారిది నోటి నుంచి నోటికి వచ్చిన విద్య కనుక అది ఆ కోవలోకి రాదు, ఈ తేడాను బాగా గుర్తుంచుకోండి. చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలోనూ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. ముందుగా ఆ రిజిస్టరులో మీ నాన్నగారి పేరు, ఆ మొక్కలను వాడే విద్య ఆయనదన్న సంగతి తేదీతో నమోదు చేయించండి. మందు తయారీ రహస్యమంతా అందులో రాయించనక్కరలేదు.

వచ్చిన పరిశోధకులను ఈ సంగతులు అడగండి: ఏ రోగానికి పరీక్షిస్తారు, ఏ రూపంలో పరీక్షిస్తారు, ఫలితం మంచిదైనా చెడ్డదైనా మీకు తెలుగులో రాసి ఇస్తారా, వ్యాసంలో మీ నాన్నగారిని సహకర్తగా పేర్కొంటారా, మందుగా అమ్మితే వాటా ఎంత, మొక్కను అడవి నుంచి ఎవరు, ఎంత మేరకు కోస్తారు. నిజాయితీ గల పరిశోధకులు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు. జవాబులన్నీ ఒప్పంద పత్రంగా రాయించండి. ఆకు చేతికి ఇవ్వకముందే దాని మీద సంతకాలు జరగాలి, ఒక ప్రతి మీ నాన్నగారి దగ్గర, మరొక ప్రతి పంచాయతీలోని కమిటీ దగ్గర ఉండాలి.